పాత మోటారు సైకిలుకు కొత్త బలం

1983వ సంవత్సరంలో మన దేశపు రోడ్ల మీదికి ఒక విలక్షణమైన మోటారు సైకిలు వచ్చినది. జపానులోని యమహా కంపెనీ 1973లో విడుదల చేసిన ఆర్.డి. 350 అనే బండిని, ఆ కంపెనీ అనుమతితో ఎస్కార్ట్స్ సంస్థవారు ఇక్కడ తయారుచేసి, రాజ్‌దూత్ 350 అని పేరు పెట్టినారు. అంతవరకు మనవారికి పరిచయమైన పెద్ద బండి అంటే బుల్లెట్టు. దాని నడక ఏనుగు నడక. దాని చప్పుడు నిదానమైన చప్పుడు. కొత్తగా వచ్చిన ఈ బండి స్వభావం వేరు. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు, మొత్తం 347 ఘనపు సెంటీమీటర్ల ఇంజను. టూ స్ట్రోకు ఇంజను కనుక క్రాంకు తిరిగిన ప్రతి చుట్టులోను ప్రతి సిలిండరులోను ఒకసారి ఇంధనం మండుతుంది. నిమిషానికి 7,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు 116 సార్లన్న మాట. తక్కువ చుట్లలో సాధువుగా ఉండి, ఒక హద్దు దాటగానే ఒక్క పెట్టున ముందుకు దూకడం దీని లక్షణం. యమహా అనే పేరులోని మొదటి రెండక్షరాలు వింటే తెలుగువారికి తోచే పరిహాసం ఒకటి ఉన్నది. ఆ పరిహాసంలో కొంత నిజం లేకపోలేదు.

జపాను బండికి 39 అశ్వశక్తి ఉండేది. మన బండికి మొదట 30.5 అశ్వశక్తి ఉంచినారు. పెట్రోలు ఎక్కువ తాగుతున్నదని ఫిర్యాదులు రాగా, తరువాతి రకంలో దానిని 27కు తగ్గించినారు. అయినప్పటికీ లాభం లేకపోయినది. 1985లో హీరో హోండా వారి సి.డి. 100 వచ్చినది; అదే సంవత్సరం ఎస్కార్ట్స్ వారిదే ఆర్.ఎక్స్. 100 వచ్చినది. పెట్రోలును లెక్క చూసి పోసుకునే సంసారులకు అవి నచ్చినవి. పెద్ద బండి 1990 ప్రాంతానికి తెర వెనుకకు పోయినది.

ఇప్పుడు దానికి మరల గిరాకీ వచ్చినది. ఆనాడు వీధి చివర నిలబడి దాని పొగను, దాని ధ్వనిని చూచి విని ఆశపడిన బాలురు ఈనాడు నాలుగు డబ్బులు చేతనున్న పెద్దవారు. గోడౌనులలోను, పశువుల కొట్టాలలోను పడి ఉన్న బళ్ళను వెదకి కొంటున్నారు. వారి కుమారులు కూడ కొంటున్నారు. కొన్న పిమ్మట దానికి బలం పెంచవలెనన్న కోరిక పుట్టడం సహజమే. ఆ కోరికను గురించియే ఈనాటి ప్రసంగం.

కొత్తగా ఈ బండిని కొన్నవాడు మొదట చేసే ఖర్చు ఏది? నేను గమనించినంతలో సైలెన్సర్లు మార్చడం. రెండవది గాలి పెట్టెను తీసివేసి, కార్బురేటర్ల మూతికి చిన్న ఫిల్టర్లను తగిలించడం. మూడవది రంగు. బ్రేకుల మాట అయిదవదో ఆరవదో అవుతుంది. ఈ వరుస తలక్రిందులు కావలెనని నా అభిప్రాయం. అట్లు చెప్పడం ముసలి మాటగా వినిపించవచ్చును గాని, దాని వెనుక చిన్న లెక్క ఒకటి ఉన్నది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండిలోని గతిశక్తిని ఒకటి అనుకుంటే, 100 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు 2.8 అవుతుంది, ఎందుచేతనంటే గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. బ్రేకులు మంచివై, రోడ్డు పొడిగా ఉండి, ప్రమాదాన్ని చూచిన తరువాత చేయి కదలడానికి ఒక సెకను పట్టినదనుకుందాము. 60లో ఉన్న బండి సుమారు 40 మీటర్లలో ఆగుతుంది. 100లో ఉన్నది ఆగడానికి సుమారు 93 మీటర్లు కావలెను. మన రోడ్ల మీద 93 మీటర్ల దూరంలో ఒక గేదె అడ్డం రావచ్చు, ఎదురుగా ఒక ఆటో మలుపు తిరగవచ్చు. ఇది మంచి బ్రేకుల లెక్క. నలభై ఏళ్ళ నాటి ఎండిపోయిన బ్రేకులకు ఈ లెక్క వర్తించదు.

జపాను బండికి ముందు చక్రాన డిస్కు బ్రేకు ఉండేది. ఖర్చు తగ్గించడానికి మన దేశంలో దాని స్థానంలో 7 అంగుళాల డ్రమ్ము బ్రేకును అమర్చినారు. ఈ బండికి వచ్చిన చెడ్డపేరులో సగం ఈ మార్పు నుండి వచ్చినదే. కాని ఆ డ్రమ్మును కూడ పూర్తిగా నిందించరాదు. అందులోని రెండు షూలను ఒక ప్రత్యేకమైన తీరులో అమర్చినారు. డ్రమ్ము తిరిగే దిశకు అనుగుణంగా షూ కొన ఉన్నట్లయితే, డ్రమ్మే ఆ షూను తనలోనికి లాగుకొంటుంది. మన చేతి బలానికి డ్రమ్ము తన బలం కలుపుతుంది. మామూలు బండిలో రెండింటిలో ఒక షూకే ఈ సౌకర్యం. ఈ బండి ముందు చక్రంలో రెండింటికీ ఉన్నది. అయితే రెండు షూలను రెండు మీటలు కదలిస్తవి; ఆ రెండు మీటలను కలుపుతూ బయట ఒక చిన్న కడ్డీ ఉంటుంది. ఆ కడ్డీ పొడవు సరిగా లేకపోతే ఒక షూ డ్రమ్మును తాకేవేళకు రెండవది ఇంకా గాలిలోనే ఉంటుంది. అనేకమంది బ్రేకు పనిచేయడం లేదని చెప్పే బళ్ళలో ఒక షూ మాత్రమే పనిచేస్తూ ఉంటుంది.

దీనిని సరిచేయడానికి గొప్ప పనిముట్లు అక్కరలేదు. కడ్డీని విప్పి, ఒక్కొక్క మీటను విడిగా తిప్పి, దాని షూ డ్రమ్మును తాకే స్థానాన్ని చూడవలెను. రెండూ తాకి ఉన్న స్థితిలో కడ్డీ పొడవును వాటి మధ్య దూరానికి సరిపెట్టి బిగించవలెను. దీనికంటె ముందు డ్రమ్ము గుండ్రంగా ఉన్నదో లేదో లేతు మీద చూపించుకోవలెను. కోడిగుడ్డు ఆకారం తేలిన డ్రమ్ము నొక్కిన ప్రతిసారి చేతిలో కొట్టుకుంటుంది. పాత లైనింగు అద్దంలాగా నునుపు తేలి ఉంటే కొత్తది వేయించడమే మేలు. పాత లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును కనుక ఆ దుమ్మును నోటితో ఊదరాదు, గాలి గొట్టంతో కొట్టించరాదు, తడిగుడ్డతో తుడవవలెను. షెడ్డులలో కుర్రవాళ్ళు రోజంతా దానిని ఊదుతూ ఉండడం చూస్తే బాధ కలుగుతుంది.

టైర్లను గురించి ఒక్క మాట. పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది; మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెప్పుతవి. గాళ్ళు ఎంత లోతుగా ఉన్నప్పటికీ, పదేళ్ళ కిందటి రబ్బరు రాయితో సమానం. వెనుక ఫోర్కు బుష్షులు, ముందు ఫోర్కులోని నూనె, హాండిలు బేరింగులు కూడ ఈ పనిలోనే ముగించుకోవలెను. వైరింగు అంతా కొత్తది వేయించడం ఉత్తమం. దానిలో వివరించవలసినది ఏమీ లేదు.

డిస్కు బ్రేకు బిగించుకోరాదా అని అడుగుతారు. బిగించవచ్చును, బాగుగా పనిచేస్తుంది కూడ. కాని అక్కడ చట్టం అడ్డం వస్తుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ విభాగం ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా యజమాని తన బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ నియమాన్ని గట్టిగా నిలబెట్టినది. పదిహేనేళ్ళు నిండిన బండికి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవలెను గదా. ఆనాడు ఇన్‌స్పెక్టరు ముందు బండి నిలబడవలసి ఉంటుంది. ఇంకొక సంగతి. 2021లో కేంద్ర ప్రభుత్వం ఏభై ఏళ్ళు నిండిన బళ్ళకు పురాతన వాహనాలుగా ప్రత్యేక నమోదు కల్పించినది. ఛాసిస్, ఇంజను మొదలైన వాటిలో పెద్ద మార్పులు లేక అసలు రూపంలో ఉన్నవాటికే ఆ గౌరవం. మొట్టమొదటి రాజ్‌దూత్ 350కి 2033లో ఏభై ఏళ్ళు నిండుతవి. కనుక తీసివేసిన ప్రతి అసలు భాగాన్ని నూనె గుడ్డలో చుట్టి అటక మీద దాచవలెను. ఆక్రీ వానికి వేయరాదు.

ఇక ఇంజను వద్దకు వస్తాము. బలం పెంచడానికి ముందు, పోయిన బలాన్ని తిరిగి రాబట్టవలెను. నిజానికి నేడు తిరుగుతున్న బళ్ళలో అనేకం వాటికి పుట్టుకతో వచ్చిన బలంతో కూడ లేవు. యజమాని దానిని గుర్తించక సైలెన్సరు మారుస్తాడు, శబ్దం పెరుగుతుంది, బలం పెరిగినదని చెవి అతనిని నమ్మిస్తుంది.

టూ స్ట్రోకు ఇంజను పనితీరును కొంచెం చెప్పుకుంటే ఈ విషయం బోధపడుతుంది. ఇందులో క్రాంకు తిరిగే గది వట్టి గది కాదు. అది ఒక గాలి పంపు. పిస్టను పైకి పోయినప్పుడు కింద గదిలో ఒత్తిడి తగ్గి, కార్బురేటరు నుండి గాలి పెట్రోలు కలిసిన మిశ్రమం లోనికి వస్తుంది. ఆ దారిలో హార్మోనియంలోని రీడు వంటి పలుచని రేకులు ఉంటవి. లోనికి పోయే గాలికి అవి తెరుచుకుంటవి, వెనుకకు వచ్చే గాలికి మూసుకుంటవి. పిస్టను కిందికి దిగినప్పుడు ఆ మిశ్రమం నొక్కుకొని, పక్క మార్గాల గుండా సిలిండరులోనికి ఎక్కుతుంది. కనుక ఆ గదికి ఎక్కడ చిల్లి ఉన్నా పంపు చెడినట్లే.

ఆ చిల్లి చాలా వరకు క్రాంకు రెండు కొనల వద్ద ఉండే రబ్బరు సీళ్ళలో ఉంటుంది. ఏళ్ళ తరబడి నడవక ఉన్న బండిలో ఆ రబ్బరు గట్టిపడిపోతుంది. కుడి పక్క, అనగా క్లచ్చి వైపు, సీలు పోయినట్లయితే గేరు నూనె ఇంజనులోనికి పీల్చుకొని తెల్లని పొగ వస్తుంది. ఇది కనిపించే రోగం. నూనె తరిగిపోతూ ఉంటుంది, పొగ ఊరికంతటికీ తెలుస్తుంది. ఎడమ పక్క సీలు పోయినప్పుడు పొగ రాదు, నూనె కారదు. బయటి గాలి దొంగతనంగా లోనికి వస్తుంది. మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. బండి మొదట చురుకుగా పరుగెత్తుతున్నట్లే తోస్తుంది. తరువాత ఒకనాడు వేగంగా పోతూ ఉండగా ఇంజను పట్టివేస్తుంది.

పట్టివేయడమంటే ఏమిటో తెలిసినవారికి చెప్పనక్కరలేదు, తెలియనివారికి చెప్పవలెను. పిస్టను అల్యూమినియంతో చేసినది. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సిలిండరులో మంట వేడిమి 2,000 డిగ్రీలు దాటుతుంది. అటువంటి చోట పిస్టను బతికి ఉండడానికి లోనికి వచ్చే చల్లని మిశ్రమం, అందులోని నూనె, సిలిండరు గోడకు పోయే వేడి, ఇవే కారణాలు. మిశ్రమం పలచబడితే ఈ రక్షణ తగ్గుతుంది. పిస్టనుకు సిలిండరుకు మధ్య ఉండే ఎడం తల వెంట్రుక మందానికన్న తక్కువ. వేడికి పిస్టను ఉబ్బి ఆ ఎడాన్ని మింగివేసి గోడకు అతుక్కుంటుంది. క్రాంకు ఆగుతుంది, క్రాంకుతో గేర్లు, చైను, వెనుక చక్రం ఆగుతవి. బండి మాత్రం 90 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది. ఇందుచేతనే పాత టూ స్ట్రోకు బళ్ళు నడిపినవారికి ఎడమ చేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్చి మీటపై ఉంచడం అలవాటు. బలం అకస్మాత్తుగా తగ్గినా, ఇంజను నుండి గజ్జెల వంటి సన్నని మోత వినిపించినా, ఆలోచించడానికి వ్యవధి ఉండదు. క్లచ్చి నొక్కి పక్కకు పోవలెను.

కాబట్టి బండిని కొన్న పిమ్మట ఇంజను విషయంలో మొదటి పని గాలి పరీక్ష. కార్బురేటరు దారిని, సైలెన్సరు దారిని రబ్బరు బిరడాలతో మూసి, చిన్న పంపుతో చదరపు అంగుళానికి 5 లేక 6 పౌండ్ల ఒత్తిడి ఎక్కించి, ముల్లును చూడవలెను. కొన్ని నిమిషాలపాటు ముల్లు నిలిచి ఉన్నట్లయితే ఇంజను బిగువుగా ఉన్నదని అర్థం. దిగిపోతూ ఉంటే సబ్బు నీళ్ళు పూసి బుడగలు ఎక్కడ వస్తున్నవో పట్టుకోవలెను. సైకిలు ట్యూబుకు పంక్చరు వెదకినట్లే. ఈ పరీక్ష చేయని మెకానిక్కు చేతికి ఈ ఇంజను అప్పగించరాదని నా మాట.

తరువాతిది మంట పుట్టే సమయం. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క పాయింట్ల జత ఉన్నది. యమహావారు జపాను బండికి చెప్పిన కొలత, పిస్టను పై అంచు చేరడానికి 2.0 మిల్లీమీటర్ల ముందు ప్లగ్గులో నిప్పురవ్వ రావలెనని. దానిని కంటితో చూచి చేయరాదు. ప్లగ్గు రంధ్రంలో డయలు గేజి పెట్టి, రెండు సిలిండర్లకు వేరువేరుగా కొలవవలెను. ఒక సిలిండరుకు సరిచేసి రెండవది కూడ సరిగానే ఉంటుందిలే అని వదలివేయడం మన షెడ్డులలో తరచుగా జరుగుతుంది. రవ్వ వెనుకబడితే బండి మందగిస్తుంది, అంతే. మరీ ముందుకు జరిగితే మిశ్రమం సుత్తితో కొట్టినట్లు పేలి, పిస్టను నెత్తిన బెజ్జం పడుతుంది. పాయింట్ల మడమ అరిగిన కొద్దీ సమయం మారిపోతూ ఉంటుంది గనుక, వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టించుకోవడాన్ని నేను సమర్థిస్తాను. అది బయటకు కనిపించదు, నమ్మకం పెంచుతుంది.

ఇప్పుడు కార్బురేటర్లు. ఈ భాగాన్ని గురించి ఆనాటి పుస్తకాలు చదివి మాత్రమే పనిచేస్తే నేడు చాలదు, ఎందుచేతనంటే మనం పోసే పెట్రోలు ఆనాటి పెట్రోలు కాదు. ఈనాడు బంకులలో దొరికేది 20 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావలెను. ఒక కిలో ఇథనాల్‌కు 9 కిలోలు చాలును. ఇరవై శాతం కలిపిన ఇంధనానికి 13.5 కిలోలు చాలును. కొత్త బళ్ళలో కంప్యూటరు ఈ తేడాను గుర్తించి ఇంధనం పెంచుతుంది. పాత కార్బురేటరుకు ఆ తెలివి లేదు. రంధ్రం ఎంత ఉంటే అంతే పోస్తుంది. అందుచేత ఆనాటి జెట్టుతో ఈనాటి ఇంధనం పోస్తే, ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే మిశ్రమం సుమారు 8 శాతం పలచబడుతుంది. దానిపైన గాలి పెట్టెను కూడ తీసివేసినట్లయితే గాలి ఇంకా ఎక్కువ వస్తుంది. పిస్టను గతి ఏమవుతుందో ఊహించుకోవచ్చును. ఇథనాల్ పేలుడును కొంత నిరోధిస్తుందని, ఆవిరి అయ్యేటప్పుడు చల్లదనమిస్తుందని చెప్పుతారు. అది నిజమే. కాని ఆ మేలు పలచని మిశ్రమపు కీడును పూర్తిగా పూరించదు.

కనుక మెయిను జెట్టును ఒకటి రెండు మెట్లు పెద్దది వేసి పరీక్షించి చూడవలెను. ఆక్సిలరేటరు ముప్పాతిక దాటిన తరువాత ఆ జెట్టుదే పెత్తనం. నడుమ భాగమంతా సూదిది. దాని క్లిప్పును ఒక గాడి కిందికి మార్చితే సూది పైకి లేచి ఎక్కువ పెట్రోలు వస్తుంది. మొదటి ఎనిమిదవ వంతు పైలట్ జెట్టుది. ఏ దశలో బండి తడబడుతున్నదో చూచి ఆ భాగాన్నే దిద్దవలెను. మరొక ముఖ్యమైన విషయం: రెండు కార్బురేటర్ల పిస్టన్లు ఒకే క్షణంలో లేవవలెను. గాలి పెట్టె రబ్బర్లు తీసి, రెండింటిలోను వేళ్ళు పెట్టి, ఆక్సిలరేటరు మెల్లగా తిప్పితే ఏది ముందు కదులుతున్నదో వేళ్ళకే తెలుస్తుంది. జంట ఎడ్లలో ఒకటి ముందు లాగితే కాడి వంకరపోయినట్లు, ఇక్కడ ఒక సిలిండరు బరువంతా మోస్తుంది. రెండవది ఊరక తోడు నడుస్తుంది.

ఇథనాల్ నీటిని పీల్చుకునే గుణం కలది. నెలల తరబడి బండిని నిలిపివేసేవారు ట్యాంకును, కార్బురేటర్లను ఖాళీ చేసి ఉంచవలెను. పాత రబ్బరు గొట్టాలను కూడ మార్చవలెను. అవి ఈ ఇంధనానికి మెత్తబడి చీలుతవి.

నూనె సంగతి కొంచెం వివాదాస్పదం. ఈ బండికి వేరే నూనె ట్యాంకు, ఆక్సిలరేటరుతో కలిసి నడిచే నూనె పంపు ఉన్నవి. పంపు మీద నమ్మకం లేక అనేకులు దానిని తీసివేసి, లీటరు పెట్రోలుకు 30 నుండి 40 మిల్లీలీటర్ల నూనె స్వయంగా కలిపి పోస్తారు. అది సులభమైన పద్ధతియే. కాని ఘాటు రోడ్లలో దాని లోపం బయటపడుతుంది. అరకు నుండి గాని శ్రీశైలం నుండి గాని దిగుతున్నప్పుడు ఆక్సిలరేటరు పూర్తిగా మూసి, గేరులో ఉంచి, ఇంజను అడ్డంతో బండిని నిలుపుకుంటూ వస్తాము. అప్పుడు పెట్రోలు దాదాపు రాదు. పెట్రోలుతో వచ్చే నూనె కూడ రాదు. ఇంజను మాత్రం వేలకొద్ది చుట్లు తిరుగుతూనే ఉంటుంది. పంపు ఉంటే ఇంజను తిరిగినంతకాలం కొంచెమైనా నూనె వస్తూ ఉంటుంది. పంపును బాగుచేయించి, దాని తీగను గుర్తుకు సరిపెట్టి, ఉంచుకోవడమే నాకు మంచిదిగా తోస్తున్నది. కలిపి పోసేవారు దిగుడులో అప్పుడప్పుడు క్లచ్చి నొక్కి ఆక్సిలరేటరును ఒకసారి తిప్పి వదలవలెను.

ఇంత చేసిన తరువాత బండిని నడిపి చూచినవారు అనేకమంది ఆశ్చర్యపోతారు. పుట్టుకతో వచ్చిన 30 గుర్రాలు తిరిగి వచ్చినవి. అప్పటికీ చాలదనుకునేవారికి రెండు మార్గాలున్నవి, ఒకటి సాధువు, ఒకటి కాదు.

సాధువైనది రీడు రేకులను మార్చడం. అసలు రేకులు ఉక్కువి. పాతబడి విరిగితే ఆ ముక్క ఇంజను లోపలికి పోయి నాశనం చేస్తుంది. ఫైబరు రేకులు వేస్తే స్పందన చురుకవుతుంది, విరిగినా హాని తక్కువ. దీనికి నేను సంతోషంగా సమ్మతిస్తాను.

రెండవది సైలెన్సర్లు, పోర్టులు. రేసు బళ్ళ సైలెన్సరు నడుమ లావై, కొనలకు సన్నగా ఉంటుంది. ఇది అందం కోసం కాదు. మండిన వాయువు బయటకు దూకినప్పుడు ఒక ఒత్తిడి అల గొట్టంలో ప్రయాణం చేస్తుంది. గొట్టం వెడల్పయ్యే చోట లాగుడు అల వెనుకకు వచ్చి సిలిండరును ఖాళీ చేస్తుంది. మరల సన్నబడే చోట, బావిలోనికి కేక వేస్తే ప్రతిధ్వని వచ్చినట్లు, తోపుడు అల వచ్చి, బయటకు జారిపోతున్న తాజా మిశ్రమాన్ని లోనికి నెట్టుతుంది. ఈ రాకపోకల సమయం ఇంజను వేగంతో కుదిరినప్పుడే బలం వస్తుంది. ఒక వేగానికి కుదిరినది మరొక వేగానికి కుదరదు. కనుక పైన వచ్చిన బలం కింద పోయిన బలమే. ఊరి బజారులో, ఆర్టీసీ బస్సు వెనుక, అటువంటి బండి ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. పెద్ద జెట్టు వేయక దానిని తగిలిస్తే ఇంజను పట్టివేయడం కూడ ఖాయం. పోర్టులను ఆకురాయితో రాపించడం ఇంకా తీవ్రమైన చర్య. ఎగ్జాస్టు రంధ్రాన్ని ఒక మిల్లీమీటరు పైకి పెంచితే ఇంజను స్వభావమే మారిపోతుంది. రాసిన లోహాన్ని తిరిగి అతికించలేము. మంచి సిలిండర్లు నానాటికి అరుదవుతున్న ఈ రోజులలో ఆ పనిని నేను ప్రోత్సహించలేను. ట్రాకు మీద పందెం చేసేవారు ఒక విడి సిలిండరు జత కొనుక్కొని దానిమీద చేసుకొనవచ్చును.

పరుగు గేరింగులో కూడ కొంత ఉన్నది. వెనుక స్ప్రాకెట్టుకు ఒకటి రెండు పళ్ళు పెంచితే ఎత్తుకోవడంలో చురుకుదనం వస్తుంది, గరిష్ఠ వేగం కొంచెం తగ్గుతుంది. మన రోడ్లకు అదే నయం. ఖర్చు స్వల్పం, నచ్చకపోతే గంటలో తిరిగి మార్చుకొనవచ్చును.

కొత్త పిస్టన్లు, రింగులు వేసిన బండిని మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెత్తగా నడపవలెనని అందరికీ తెలిసినదే. దానికి తోడు, ప్రతి ఉదయం స్టార్టు చేసిన వెంటనే బయలుదేరరాదు. అల్యూమినియం పిస్టను త్వరగా వేడెక్కి ఉబ్బుతుంది, దాని చుట్టూ ఉన్న ఇనుప లైనరు వెనుకబడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఇంజను నడవనిచ్చి, తరువాత నాలుగైదు కిలోమీటర్లు మెల్లగా పోతే రెండూ సమానంగా వేడెక్కుతవి.

జెట్టు సరిపోయినదో లేదో ప్లగ్గు చెప్పుతుంది. ఖాళీ రోడ్డు మీద, వెనుక ఎవరూ లేరని చూచుకొని, సగం పైన ఆక్సిలరేటరుతో కొంతదూరం నడిపి, ఒక్కసారిగా ఇంజను ఆపి క్లచ్చి నొక్కి పక్కకు చేర్చవలెను. ప్లగ్గులు చల్లారిన తరువాత విప్పి చూడవలెను. వేయించిన కాఫీ గింజ రంగు ఉంటే సరి. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. దానివలన ప్లగ్గు చెడుతుంది, ఖర్చవుతుంది, అంతకంటె ప్రమాదం లేదు. సున్నంలాగా తెల్లగా ఉంటే ఆ బండిని వేగంగా ఇంటికి కూడ నడపరాదు. మెల్లగా తీసుకుపోయి జెట్టు మార్చవలెను. రెండు ప్లగ్గులు రెండు రంగులలో ఉంటే గాలి ఎక్కడో ఒక పక్క దూరుతున్నదని తెలుసుకొని, మరల సబ్బు నీళ్ళు, పంపు బయటకు తీయవలెను. అయిదు వందల కిలోమీటర్లు పూర్తికాగానే చల్లని ఇంజను మీద హెడ్డు నట్లను ఎదురెదురు వరుసలో బిగించి, ముందు బ్రేకు తీగ ఎంత సాగినదో చూచుకొనవలెను.